మిస్టేర్ 4ఎ 1/72 కిట్: దేవయ్య గారి విమానం కోసం కొన్నా, కట్టాక రాస్తున్నా

స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బొప్పయ్య దేవయ్య గారి విమానం మిస్టేర్ (ఫ్రాన్స్‌లో తయారైన యుద్ధవిమానం) నమూనా ఎలాగైనా కట్టాలని మూడేళ్లుగా అనుకుంటున్నా, మొత్తానికి ముక్కలు అతికించి కట్టే ఈ కిట్ దొరికింది, 1/72 అంటే అసలు విమానంలో 72వ వంతు సైజు. బ్రాండ్ పేరు రాయట్లేదు, పాత అచ్చుల్లోంచి తీసిన కిట్ అని మాత్రం చెప్తా.

ముందు బాధ పెట్టిన విషయం. డబ్బాలో ఫ్రాన్స్ డెకాల్స్ (విమానం మీద అంటించే గుర్తులు) తప్ప మన కాషాయం తెలుపు ఆకుపచ్చ గుండ్రాలు లేవు!! 1957 నుంచి మన ఎయిర్‌ఫోర్స్ 104 మిస్టేర్లు నడిపింది, అయినా ఒక్క షీట్ వెయ్యలేకపోయారా. విడిగా తెప్పించుకున్నా, నెల పట్టింది. ముక్కు దగ్గర గాలి వెళ్లే రింగు రెండు సగాలూ కలవవు, పుట్టీ పెట్టి అరగదీసి మళ్లీ పుట్టీ పెట్టి అలా మూడుసార్లు. కానోపీ (పైలట్ మీద ఉండే పారదర్శక మూత) మాత్రం అద్దంలా ఉంది, చక్కగా కూర్చుంది. వెనక్కి వాలిపోకుండా ముక్కులో బరువు పెట్టమని కిట్‌తో వచ్చిన పేపర్లో ఉంది గానీ నాకు ఆ పని పడలేదు, చక్రాలు లోపలికి మడిచేశా కదా. ఆ చక్రాల తలుపులు మూసి ఉన్నట్టు కట్టాలంటే అస్సలు సరిపోవు, అంచులన్నీ కోసుకోవాలి, అయినా నేను ఎగురుతున్నట్టే కట్టాలనుకున్నా, ఎందుకంటే ఆ విమానం మళ్లీ మన రన్‌వే మీద దిగలేదు.

1965 సెప్టెంబర్ 7, పాకిస్తాన్‌తో యుద్ధం, మన ఆదంపూర్ నుంచి వాళ్ల ఎయిర్‌బేస్ సర్గోధా మీదికి 12 మిస్టేర్లు వెళ్లాలి, దేవయ్య గారు స్టాండ్‌బై. ఒకటి మధ్యలో తప్పుకుంటే ఆ చోట్లోకి ఆయన వెళ్లారు. మిస్టేర్‌కి సర్గోధా అంటే పెట్రోలు బొటాబొటీగా సరిపోయే దూరం, అక్కడ ఫైట్‌కి దిగితే ఇంటికి రావడానికి మిగలదు. పాకిస్తాన్ వాళ్ల యుద్ధవిమానం ఎఫ్-104 స్టార్‌ఫైటర్ వెంటపడింది, ఈయన విమానానికి దెబ్బ తగిలింది, అయినా తిరగబడి దాన్ని కూల్చేశారు. ఆ పైలట్ పారాచూట్‌తో బయటపడ్డాడు. ఈయన రాలేదు. మనవాళ్ల లెక్కలో మిస్సింగ్, అంతే. ఏం జరిగిందో చాలా ఏళ్ల తర్వాత అవతలి వైపు నుంచి బయటికొచ్చింది, 1988లో మహావీర్ చక్ర ఇచ్చారు. 23 ఏళ్లు అండీ, ఇంట్లోవాళ్లు ఆ 23 ఏళ్లూ ఎలా గడిపారో.

రెక్క అతికిస్తున్నప్పుడు ఇదే తిరుగుతూ ఉండింది బుర్రలో. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 15 సెంటీమీటర్లు, జానెడు కూడా లేదు.

మొదటిసారి కిట్ కట్టేవాళ్లకి ఇది వద్దు, ఓపిక ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని తీసుకోండి. సిల్వర్ వేసే ముందు ప్రైమర్ తప్పనిసరి, పుట్టీ గీతలన్నీ పైకి కనిపించేస్తాయి. స్టాండ్ డబ్బాలో రాదు, నేను ఇత్తడి కడ్డీ వంచి చేశా. ఇప్పుడు అదే స్కేల్‌లో స్టార్‌ఫైటర్ కిట్ కూడా తెచ్చా, దాని ఒళ్లు పక్కన పెట్టి చూస్తే మిస్టేర్ కంటే ఐదు సెంటీమీటర్లు పొడుగుంది, శబ్దానికి రెట్టింపు వేగంతో పోయే విమానం అది. రెండూ ఒకే కడ్డీ మీద పెడతా, మిస్టేర్ వెనక ఉంటుంది.