గుర్రపుడెక్క కాగితానికి ఈ అచ్చు కిట్ సరిపోతుందా?

చేత్తో కాగితం తయారుచేసుకునే ఈ కిట్‌లో వచ్చేవి ఏ4 సైజు చెక్క ఫ్రేములు రెండు, ఒకదానికి నైలాన్ జాలీ, నాలుగు గుడ్డ ముక్కలు, ప్లాస్టిక్ జిగురు. పాత పేపర్లు నానబెట్టి చేసుకోవడానికి చాలు. గుర్రపుడెక్క (చెరువుల్లో అల్లుకునే కలుపు మొక్క), అరటి నారతో చేస్తే మాత్రం లోపం బయటపడుతుంది.

జాలీ వదులు. నాలుగైదు షీట్లకే మధ్యలో కుంగి గుజ్జు అక్కడే పేరుకుంటుంది. ఆరాక నడుమ అట్టలా, అంచు ఉల్లిపొరలా ఉంటుంది. పిన్నులు పీకి బిగలాగి మళ్లీ కొట్టాలి. చెక్కకు వార్నిష్ కూడా లేదు, నీళ్లలో నాని వంకరపోతుంది.

సూచనల కాగితంలో కొలతలే లేవు! కావాల్సినవి ఇవి: అరకిలో ఎండు నారకు చాకలి సోడా 100 గ్రాములు, స్టీలు గిన్నెలో రెండు మూడు గంటల ఉడుకు. అల్యూమినియాన్ని సోడా తినేస్తుంది. నారను ముందే 2 సెంటీమీటర్ల ముక్కలు చేయకపోతే మిక్సీ బ్లేడుకు చుట్టుకుంటుంది. నీళ్లు తేటపడేదాకా కడిగి, ఆగి ఆగి తిప్పాలి. ఎక్కువైతే పోగులు తెగి కాగితం పెళుసవుతుంది.

గుర్రపుడెక్క ఒక్కటే అయితే ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. మూడో వంతు అరటి నార కలపండి. గుజ్జు కలిపిన నీళ్ల తొట్టిలో కాస్త బెండకాయ జిగురు వేస్తే పోగులు ఉండకట్టవు.

ఆరుబయట పెట్టి మట్టిలో కలిసిపోనిచ్చే కళాకృతులకైతే కిట్‌తో ఇచ్చిన ప్లాస్టిక్ జిగురు పక్కన పడేసి గంజి వాడండి. మిగిలిన పచ్చి గుర్రపుడెక్కను వేరే చెరువు దగ్గర పారేయొద్దు, చిన్న ముక్క చాలు అల్లుకుపోవడానికి.