కోనసీమ ఉప్పుగాలిలో నాలుగేళ్ల ఎయిర్ రైఫిల్: పెల్లెట్ దిగకపోతే

ఈ రైఫిల్ మీద నా కోపమంతా ఒక్క మిల్లీమీటరు మీద. బారెల్ (గొట్టం) వంచి పెల్లెట్, అంటే సీసపు గుండు, పెడతామే, ఆ రంధ్రపు అంచు. మిగతా వాటి మీద పెద్ద ఫిర్యాదు లేదు. స్ప్రింగు బిగువు తగ్గలేదు, ట్రిగ్గర్ వాడేకొద్దీ నునుపు తేలింది, నాలుగు వానాకాలాలు చూసినా బట్ చెక్క ఉబ్బలేదు. వేగం, బరువు, పొడవు అట్టపెట్టె మీదే ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నాను. కొత్తలో "ఏ పెల్లెట్ పెట్టినా మింగేస్తుంది" అని అడిగినవాళ్లందరికీ చెప్పాను. ఆ మాట కొంచెం సవరించాలి. పొడిగా దాచిన డబ్బా, తల 4.50 మి.మీ.కి మించని పెల్లెట్, శుభ్రమైన అంచు, ఈ మూడూ ఉంటే మింగుతుంది.

రెండో ఏడు సార్వా నాట్ల వేళకి మొదలైంది తంటా. తల లోపలికి పోతుంది, వెనక స్కర్ట్ (బోలుగా వెడల్పుగా ఉండే తోక భాగం) మాత్రం అర మిల్లీమీటరు బయటే ఆగుతుంది. అలాగే బారెల్ మూస్తే స్కర్ట్ ఒక పక్కకి మడత పడుతుంది, చుట్టూ ఉన్న రబ్బరు రింగు సరిగ్గా కూర్చోదు, గాలి పక్కనుంచి కారిపోతుంది. పేల్చినప్పుడు చప్పుడు మారుతుంది, పది మీటర్ల దగ్గర దెబ్బ కిందికి జారుతుంది. చాలామంది ఇక్కడే సైట్లు (గురి చూసే బిళ్లలు) తిప్పడం మొదలుపెడతారు. సైట్ల తప్పేమీ లేదు.

ఏదైనా చేసే ముందు చేతుల సంగతి. రైఫిల్ కాక్ అయి (లోపలి స్ప్రింగు బిగిసి), బారెల్ తెరిచి ఉండగా ట్రిగ్గర్ జారితే బారెల్ కత్తెరలా మూసుకుంటుంది. వేళ్లు పోతాయి. అందుకని సేఫ్టీ వేసి, ఇంకో మనిషి బారెల్‌ని గట్టిగా పట్టుకున్నాకే మీరు రంధ్రం దగ్గర పని చెయ్యండి. పెల్లెట్ ఎందుకు ఆగుతోందో తేల్చే ఈ కింది పరీక్ష ఒంటరిగా వద్దు.

పరీక్షకి కావలసింది నల్లటి పర్మనెంట్ మార్కరు ఒకటి. పెల్లెట్‌ని తలనుంచి స్కర్ట్ దాకా పూర్తిగా నల్లగా పూసి ఆరనివ్వండి. స్కర్ట్ వెనక గుంటలో ఒక చోట తెల్ల పెయింట్ చుక్క పెట్టి, ఆ చుక్క పైకి ఉండేలా రంధ్రంలో పెట్టి మామూలుగా నొక్కండి. తర్వాత బారెల్ కొసవైపునుంచి 4 మి.మీ. ఇత్తడి కడ్డీతో మెల్లగా వెనక్కి నెట్టి తీయండి. మొన నున్నగా ఉండాలి, ఇనుప కడ్డీ అసలు వద్దు. ఇప్పుడు ఎండలో పట్టుకుని చూడండి. తల చుట్టూ వెడల్పాటి పట్టీలా నలుపు పోయి సీసం మెరిస్తే, తల లావు. స్కర్ట్ మీద ఒకే చోట నెలవంకలా గీసుకుని, ఆ గీత చివర సీసం పలచటి పొరలా లేస్తే, అంచులో గరుకు ఉంది. సీసం మీద గీతే లేకుండా ఇంకు అలికినట్టయితే మెత్తనిదేదో అడ్డం, అంటే రబ్బరు రింగో, గడ్డకట్టిన జిడ్డో.

నెలవంక కనిపిస్తే ఐదారు పెల్లెట్లతో మళ్లీ చెయ్యాలి. తెల్ల చుక్క ఎప్పుడూ పైనే ఉంటుంది గనక, గీత ప్రతిసారీ ఒకే చోట పడుతోందా లేదా తెలిసిపోతుంది. చోటు మారుతుంటే పెల్లెట్లే నొక్కుకుపోయాయి. మారకపోతే తప్పు బారెల్‌ది. ఈ రైఫిల్‌లో ప్రతిసారీ గడియారంలో నాలుగు గంటల చోటే.

కారణం రెండు రకాలుగా చేరింది. ఫ్యాక్టరీలో రంధ్రం తొలిచాక అంచుని చక్కగా వాలుగా చెక్కలేదు. కూచిగా వదిలేశారు. దాని మీద నల్లపూత లేదు కాబట్టి ఉప్పుగాలికి అక్కడ తుప్పు పట్టింది. అది చాలక, దిగని పెల్లెట్‌ని స్క్రూడ్రైవర్ మొనతో నెట్టడం. స్క్రూడ్రైవర్ ఉక్కు, అంచు ఉక్కు. ఒక్కసారి జారితే చాలు, కంటికి కనపడని ముల్లు లేస్తుంది. ఆ ముల్లు మీదనుంచి దిగే ప్రతి పెల్లెట్‌కీ గాటు తప్పదు. గట్టిగా నెట్టడం ఎప్పటికీ మందు కాదు.

బాగుచేసిన పద్ధతి ఇది. రంధ్రంలో ఒక సెంటీమీటరు లోపల గ్రీజు పూసిన దూది ముద్ద బిరడాలా పెట్టండి, రజను రైఫ్లింగులోకి (బారెల్ లోపలి మెలి గాళ్లలోకి) పోకూడదు. రబ్బరు రింగుని టూత్‌పిక్‌తో లేపి తీసెయ్యండి, గుండుసూది పెడితే చిరుగుతుంది. కౌంటర్‌సింక్ బిట్‌ని (రంధ్రం అంచుని వాలుగా చెక్కే మొనని) వేళ్లతో పట్టుకుని, బరువు వెయ్యకుండా రెండు మూడు చుట్లు తిప్పండి. డ్రిల్లింగ్ మిషన్‌కి బిగించొద్దు, క్షణంలో గొయ్యి పడుతుంది. అంచు వాలు 0.3 మి.మీ. దాటకూడదు. వాలు ఎక్కువైతే స్కర్ట్‌కి ఆసరా పోయి, రింగు కూర్చునే చోటు కూడా చెడుతుంది. తర్వాత గుండ్రటి తల ఉన్న ఇత్తడి స్క్రూకి సన్నరకం వాల్వ్ గ్రైండింగ్ పేస్టు రాసి, ఇరుపక్కలకీ మారుస్తూ ఇరవై చుట్లు. చివరగా బ్రాసో పాలిష్.

అయిందో లేదో చెప్పేది చెవిలో పెట్టుకునే దూది పుల్ల. పొడి పుల్లని అంచు వెంట గుండ్రంగా తిప్పితే ముల్లున్న చోట ఒక్క దూది పోగైనా చిక్కుకుని సన్నటి మీసంలా వేలాడుతుంది. వేలికి తగలని ముల్లు దూదికి తగులుతుంది. పోగు చిక్కడం మానేదాకా పేస్టు చుట్లు తిప్పుతూనే ఉండాలి. పనయ్యాక అంచు దగ్గరి పేస్టు ముందు తుడిచి, దూది బిరడాని కొసనుంచి వెనక్కి తోసేసి, గాలానికి కట్టే లావు నైలాన్ దారానికి గుడ్డముక్క కట్టి వెనకనుంచి కొసవైపు నాలుగుసార్లు లాగండి. తర్వాత రింగు పెట్టి, అంచుకి నూనె వేలితో అద్దినంత మాత్రం రాయండి.

తల లావు సంగతి తేలిక. ఒకే డబ్బాలోనే తేడాలుంటాయి, చవక రకాల్లో మరీను. వెర్నియర్‌తో కొలిస్తే మెత్తటి సీసం నొక్కుకుపోయి తప్పు లెక్క వస్తుంది. లేత్ షాపులో ఇత్తడి ముక్కకి 4.5 మి.మీ. రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకి తెచ్చే పనిముట్టు) వేయించుకోండి, అదే కొలపాత్ర. తల దానంతటదే లోపలికి జారితే వాడండి, ఆగితే పక్కన పెట్టండి. పెల్లెట్ మొత్తాన్ని ఆ రంధ్రంలోంచి తోయకండి, స్కర్ట్ సన్నబడి గాలి పట్టదు.

మన దగ్గర ఇంకో శత్రువు తెల్ల పొడి. ముసురు రోజుల్లో చెక్క అల్మరాలో ఉంచిన డబ్బాలో సీసం తెల్లబడుతుంది. చెక్కనుంచి వచ్చే ఆవిర్లు, తేమ కలిసి చేసే పని అది. ఆ పొర సీసం కంటే ఉబ్బి ఉంటుంది, అందుకే నిరుడు దిగిన పెల్లెట్ ఈ ఏడు దిగదు. ఊదకండి, విషం. బాగా తెల్లబడినవాటిని వాడకుండా మూత గట్టిగా పెట్టి విడిగా ఉంచేయండి. కొత్తవాటిని సిలికా జెల్ పొట్లంతో స్టీలు డబ్బాలో పెట్టండి.

కొబ్బరినూనె గురించి చెప్పకపోతే మన ప్రాంతానికి అన్యాయం. ఇంట్లో ఉంది కదా అని అన్నిటికీ అదే రాస్తాం. 24 డిగ్రీల దగ్గర అది గడ్డకడుతుంది. ధనుర్మాసం తెల్లవారుజామున రంధ్రం అంచున తెల్లటి మైనంలా నిలుస్తుంది, పరీక్షలో "ఇంకు అలికినట్టు" కనిపించేది అదే. లోపలికి పోతే ఇంకా ప్రమాదం: పిస్టన్ ముందు గాలి నొక్కుకుని వేడెక్కినప్పుడు అంటుకుని పొగ, పెద్ద చప్పుడు వస్తాయి. సీలు, స్ప్రింగు రెండూ దెబ్బతింటాయి.

అంచు బాగుచేశాక ఈ రైఫిల్ మళ్లీ బొటనవేలి బరువుకే పెల్లెట్‌ని పుచ్చుకుంటోంది. స్కర్ట్ రంధ్రంతో సమానంగా కూర్చుంటుంది, దెబ్బలు దగ్గర దగ్గరగా పడుతున్నాయి. అయినా కళ్లు మూసుకుని కొనమని చెప్పలేను. నాది తోటలో పది మీటర్ల కాగితపు గురి, వెనక ఇసుక బస్తాలు, రోజుకి ముప్పై నలభై పెల్లెట్లు, నడిచి వెళ్లేంత దూరంలో లేత్ షాపు. పోటీలకి సిద్ధమయ్యేవాళ్ల అవసరం వేరు. కొంగల మీదా పిట్టల మీదా గురిపెట్టాలనుకునేవాళ్లకి ఏ రైఫిల్ గురించీ చెప్పను, 1972 వన్యప్రాణి చట్టం ఉంది. సముద్రానికి దూరంగా, పొడి ఊళ్లో ఉంటే ఈ అంచు మిమ్మల్ని ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టకపోవచ్చు. కొనేటప్పుడు మాత్రం జేబులో ఒక దూది పుల్ల వేసుకెళ్లి, కొట్లోనే బారెల్ తెరిపించి ఆ అంచు చుట్టూ తిప్పి చూడండి.