కాలి సిర తెగితే కుట్టాలా, కట్టేయాలా: ఏది మేలు?

సంక్రాంతి పందాల్లో కోడి కాలికి కట్టిన కత్తి మనిషి తొడలోనో మోకాలి వెనకో దిగి, ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయిన వార్తలు మన గోదావరి జిల్లాల వాళ్లం చదివినవే. కొబ్బరి దింపే కత్తి జారినా, హైవే మీద బైకు పడినా తెగేది అవే రక్తనాళాలు. ప్రాణాలతో థియేటర్ దాకా వెళ్లిన మనిషి ఇంట్లోవాళ్లకు తర్వాత ఒక బెంగ పట్టుకుంటుంది. కాలికి రక్తం తెచ్చే ధమనిని కుట్టారట, దాన్ని వెనక్కి గుండెకు తీసుకెళ్లే సిరను మాత్రం కట్టేశారట. కుట్టడం చేతకాలేదా?

చేతకాక కాదు. కట్టేయడం కూడా ఒక పద్ధతే. తెగిన సిర రెండు కొసలనూ దారంతో బిగించి మూసేస్తారు. నిమిషాల్లో పని అయిపోతుంది, రక్తం ఆగుతుంది. కుట్టడమంటే దారిని మళ్లీ నిలబెట్టడం. చిన్న చీలిక అయితే అంచులు కలిపి కుట్టు వేస్తే చాలు. ముక్క పోయిందంటే అవతలి కాలి నుంచి పైపై సిరను తీసి అతకాలి. దెబ్బ తగిలిన కాలి నుంచి సాధారణంగా తియ్యరు, ఎందుకంటే ఆ కాలికి మిగిలిన దారి అదే కావచ్చు.

ఏ సిర అన్నదాన్ని బట్టి సగం తీర్పు వచ్చేస్తుంది. పిక్కలోని సిరలు జంటలుగా ఉంటాయి, ఒకటి కట్టేసినా పెద్ద నష్టం లేదు. చర్మం కింది సిరలూ అంతే. మోకాలి వెనక సిర, గజ్జలోని పెద్ద సిర అలా కాదు. కాలువ నీరు చేలోకి వస్తూనే ఉండి మురుగు డ్రెయిన్ మూసుకుపోతే చేను ఎలా మునుగుతుందో, వీటిని కట్టేస్తే కాలు అలా నీరు పడుతుంది. పిక్క కండరాల్లో ఒత్తిడి పెరిగి, కుట్టిన ధమనిలో కూడా రక్తం సరిగా నడవదు. అప్పుడు పిక్క పొరలను నిలువుగా కోసి ఒత్తిడి తగ్గించాల్సి వస్తుంది. ఆ పొడవాటి కోతలు చూసి ఇంట్లోవాళ్లు హడలిపోతారు కానీ, చాలాసార్లు కాలిని కాపాడేవి అవే.

మరి పెద్ద సిరలను కూడా పూర్వం ఎందుకు కట్టేసేవారు? కుట్టిన చోట గడ్డ కట్టి, అది ఊపిరితిత్తులకు ఎగదన్నుతుందన్న భయం. ఆ భయాన్ని గట్టిగా ప్రశ్నించినవాడు అమెరికా సైనిక సర్జన్ నార్మన్ రిచ్. వియత్నాం యుద్ధంలో రక్తనాళాలు తెగిన సైనికుల వివరాలు నమోదు చేసేందుకు 1966లో మొదలైన వియత్నాం వాస్క్యులర్ రిజిస్ట్రీని చూస్తే, మోకాలి వెనక సిరను కట్టేసినవాళ్లలో వాపు బాగా ఎక్కువ. కుట్టినవాళ్లలో మాత్రం ఊపిరితిత్తుల ముప్పు భయపడినంతగా కనిపించలేదు. కుట్టిన సిర మూసుకుపోదని కాదు, చాలామందిలో మూసుకుపోతుంది, అతుకు వేసిన చోట మరీను. అయినా మొదటి కొన్ని రోజులు తెరిచి ఉంటే చాలు, అంతలో పక్క దారులు పెరుగుతాయి. మూసుకుపోయినవాటిలో కొన్ని మెల్లగా మళ్లీ తెరుచుకుంటాయి కూడా.

నా మట్టుకు లెక్క ఇది. మనిషి నిలకడగా ఉండి, తెగింది మోకాలి వెనకో గజ్జలోనో అయితే కుట్టడమే మేలు. రోజంతా చెరువు గట్టు మీద నిలబడి మేత వేసే మనిషికి జీవితాంతం వాచే కాలు ఇవ్వకూడదు. కానీ బీపీ పడిపోయి, ఒళ్లు చల్లబడి, కడుపులోనో తలలోనో కూడా దెబ్బ ఉంటే గంటల తరబడి అతుకు వేయడం ప్రాణాంతకం. అప్పుడు కట్టేసిన డాక్టరే మంచి డాక్టరు. నడుమ దారి ఒకటుంది: తెగిన నాళంలో తాత్కాలికంగా ప్లాస్టిక్ గొట్టం పెట్టి, రక్తం నడుస్తుండగానే పెద్దాసుపత్రికి పంపడం. అమలాపురం వైపు నుంచి ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ చేరాల్సిన మనిషికి ఆ గొట్టం చాలా విలువైనది.

ఏది చేసినా గడ్డ ముప్పు మాత్రం పోదు. కట్టేసిన చోటికి దిగువన రక్తం నిలిచి గడ్డ కడుతుంది, కుట్టిన చోట కుట్టు మీదే కడుతుంది. అందుకే రక్తస్రావం భయం తగ్గగానే పొట్ట మీద గడ్డ కట్టకుండా ఆపే హెపారిన్ రకం ఇంజెక్షన్లు, కాలు ఎత్తులో పెట్టడం, వీలైనంత త్వరగా నడిపించడం. ఇంటికొచ్చాక అదే పనికి వార్ఫరిన్ మాత్ర వేసుకుంటుంటే, దాని పనికి అడ్డొస్తాయని తోటకూర, గోంగూర మానక్కర్లేదు. ఒక వారం రోజూ తిని, తర్వాతి వారం ముట్టకపోతేనే చిక్కు. నొప్పికి మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ తెచ్చుకోవడం మాత్రం వద్దు, లోపల రక్తం కారొచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు, దగ్గితే రక్తం వస్తే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

డిశ్చార్జి కాగితంలో ఏ సిర, కుట్టారా కట్టేశారా అన్నది రాయించుకోండి. కొన్నేళ్లకు ఆ కాలి మీద సిరలు ఉబ్బి మెలికలు తిరిగితే, ఎవరైనా వెరికోస్ (మామూలుగా ఉబ్బే పైపై సిరల జబ్బు) అనుకుని తీసేద్దామనొచ్చు. లోపలి పెద్ద సిర కట్టేసిన కాలికి రక్తం పైకి చేరే దారి ఆ ఉబ్బిన సిరలే కావచ్చు. సిరల్లో రక్తం ఎలా నడుస్తోందో చూపే డాప్లర్ స్కాన్ చూడకుండా వాటి మీద చెయ్యి వేయనివ్వకూడదు.