మూడేళ్ల వెదరింగ్‌లో ఏం నిలిచింది, ఏం రాలిపోయింది

ప్లాస్టిక్ మోడల్ ట్యాంకులకి రంగులతో వాడి పాతబడిన రూపు తెప్పించడమే వెదరింగ్. మూడేళ్ల క్రితం 1/35 స్కేల్ టీ-34 (రెండో ప్రపంచ యుద్ధపు సోవియట్ ట్యాంకు) మోడల్ మీద మొదటిసారి హెయిర్‌స్ప్రే చిప్పింగ్ (పై రంగు పెచ్చులుగా ఊడినట్టు చూపడం) చేశాను. అప్పటి నుంచి తొమ్మిది కిట్లు పూర్తయ్యాయి. ఏ పద్ధతి మన్నుతుందో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

శీతాకాలపు ట్యాంకులకి హెయిర్‌స్ప్రేని మించింది లేదు. యుద్ధంలో సిబ్బంది పూసిన తెల్ల సున్నం తడికీ రాపిడికీ ఊడిపోయేది. ఈ పద్ధతిలో జరిగేదీ దాదాపు అదే. ఆకుపచ్చ మీద వార్నిష్, పైన రెండు పలచటి పొరలు హెయిర్‌స్ప్రే, ఆ పైన అక్రిలిక్ తెలుపు. ఆరాక తడి కుంచెతో రుద్దితే లోపలి హెయిర్‌స్ప్రే కరిగి తెలుపు పెచ్చులుగా లేస్తుంది. హ్యాచ్ (సిబ్బంది దిగే మూత) అంచుల్లో, సిబ్బంది కాలు పెట్టే చోట కాస్త ఎక్కువ రుద్దాలి. తెలుపు మందంగా పడిందా, ఎంత రుద్దినా కదలదు.

ప్రతి కిట్‌కీ నేను వాడేది మాత్రం ఆయిల్ రంగులే. ట్యూబులోంచి అట్టముక్క మీద పిండి కాసేపు వదిలేస్తే నూనెని అట్ట పీల్చేసుకుంటుంది, రంగు మెరుపు లేకుండా మట్టిలా ఆరుతుంది. రివెట్ కింద బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు) సూదిమొనంత చుక్క పెట్టి, వైట్ స్పిరిట్ అనే థిన్నర్‌లో ముంచి బాగా తుడిచిన కుంచెతో కిందికి లాగితే చాలు, వాన కార్చిన మురికి చారలా ఉంటుంది. నచ్చకపోతే రెండు మూడు గంటల తర్వాత కూడా తుడిచేయొచ్చు. అందుకే టెన్షన్ లేకుండా ప్రయోగాలు చేయగలిగాను.

ఎనామెల్ వాష్‌తో (థిన్నర్‌తో బాగా పలచన చేసిన ఎనామెల్ రంగుతో) ఒకసారి దెబ్బతిన్నాను. చక్రాల వెనక రంగు పడని ప్లాస్టిక్ మీద ధారాళంగా పోశాను, మర్నాటికి ఇరుసు పుల్లలా విరిగింది. బిగుతుగా ఉన్న అతుకుల్లోకి థిన్నర్ దిగితే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. ఇప్పుడు కంటికి కనపడని చోట కూడా రంగు, వార్నిష్ వేశాకే వాష్.

పొడి పిగ్మెంట్లంత (మెత్తటి రంగు పొడులంత) సహజమైన దుమ్ము ఇంకేదీ ఇవ్వదు, కానీ వాటి మన్నిక నన్ను నిరాశపరిచింది. మ్యాట్ వార్నిష్ కొడితే సగం మాయం. కొట్టకపోతే ముట్టుకున్నప్పుడల్లా వేళ్లకి అంటుతుంది. అందుకే వాటిని ట్రాక్‌లకి, కింది భాగానికి పరిమితం చేశాను. చేత్తో పట్టుకునే చోట దుమ్ము రంగు ఆయిల్‌నే అద్దుతున్నాను. నా మొదటి టీ-34 టరెట్ (ఫిరంగి ఉండే పై భాగం) మీద వేళ్లు తగిలిన చోటల్లా దుమ్ము పోయి ఆకుపచ్చ బయటపడింది. పక్కనే ఉన్న ఆయిల్ చారలు గీసిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.