గ్రైండర్ రిపేరు కొట్టు, చిత్తూరు: ఐదుకు మూడు స్టార్లు

కొట్టు పేరు రాయను. ఆ మెకానిక్‌కి అదే జీవనాధారం. జరిగింది మాత్రం రాస్తా.

మా టేబుల్ టాప్ గ్రైండర్‌లో మోటారు చప్పుడు వస్తుంది, గిన్నె కదలదు. ఏప్రిల్ ఆఖర్లో ఇచ్చా. నాలుగు రోజులు పెట్టుకుని, మోటారుకు కాయిల్ కట్టామని 1,400 తీసుకున్నాడు. మూడో రోజుకే మళ్లీ అదే కథ. నానబోసిన మినప్పప్పు పక్కింట్లో రుబ్బించుకోవాల్సి వచ్చింది.

శనివారం సాయంత్రం మళ్లీ మోసుకెళ్లా. కొట్టు నిండా జనం. నా మాట పూర్తి కాకముందే, "వాడేది రాకపోతే నేనేం చేసేదమ్మా? గట్టి పిండేసి తిప్పితే ఆగకేం చేస్తాది?" అని అరిచాడు. నలభై ఏళ్లుగా ఇడ్లీ పిండి రుబ్బుతున్నదాన్ని! గ్రైండర్ అక్కడే పెట్టేసి వచ్చేశా. రాత్రి కూర్చుని ఒక స్టారు రివ్యూ టైపు చేశా, చాలా ఘాటుగా.

పంపేలోపు ఆదివారం వచ్చింది. సండే స్కూల్లో పిల్లలకు బైబిల్లోని రోమా 12:20 చెప్పాలి. శత్రువు ఆకలితో ఉంటే అన్నం పెట్టు, దాహంతో ఉంటే నీళ్లివ్వు, అలా చేస్తే వాడి తలమీద నిప్పులు కుప్పగా పోసినట్టే అన్న మాట. రోమా పత్రిక రాసిన పౌలు దాన్ని బైబిల్లోనే ఉన్న సామెతల గ్రంథం 25వ అధ్యాయం నుంచి తీసుకున్నాడు. ఒక పిల్లాడు, "నిప్పులు పోస్తే కాలదా ఆంటీ?" అన్నాడు. సిగ్గుపడతాడని అర్థం అన్నా. చెప్తుంటే నాకే నవ్వొచ్చింది. గ్రైండర్ మెకానిక్ కూడా శత్రువేనా!

సోమవారం ఒక సీసా మజ్జిగ పట్టుకెళ్లా. సగం దయ, సగం పంతం, దాచడమెందుకు? రేకుల షెడ్డు, ఫ్యాన్ లేదు, ఆయన చొక్కా తడిసి ముద్దయింది. "ముందు ఇది తాగు నాయనా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నా. తాగాడు. నా ముందే కింది ప్లేటు విప్పాడు. మోటారు బాగానే తిరుగుతోంది, రబ్బరు బెల్టు సాగిపోయి జారుతోంది, అంతే. కొత్తది వేసి డబ్బు వద్దన్నాడు. సారీ చెప్పలేదు. 1,400 సంగతి నేనే మెల్లగా ఎత్తా. తిరిగివ్వలేదు గానీ, "మిక్సీ ఏమన్నా ఉంటే తెండమ్మా, ఊరికే చేసిస్తా" అన్నాడు.

అరిచినందుకు ఒక స్టారు, అక్కర్లేని కాయిల్‌కు ఒక స్టారు కోత. పని చేతకాక కాదు, చూసే ఓపిక లేక. మోటారు తిరిగి గిన్నె తిరగకపోతే, ముందు బెల్టు చూడమనండి. విప్పేటప్పుడు పక్కనే నిలబడండి. శనివారం సాయంత్రం మాత్రం వెళ్లకండి.