మెడికల్ షాపులో కంటి చుక్కలు కొంటున్నారా? పేరు చివరి అక్షరం చూడండి

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. మూడు సీసాలు కొని బోల్తా పడ్డ మనిషిని.

ఎడమ కన్ను అదరడంతో మొదలైంది. "ఆడవాళ్లకి ఎడమ కన్ను అదిరితే మంచిదేనమ్మా, ఏదో శుభవార్త వింటావు" అన్నారు మా అత్తయ్య. పది రోజులైనా శుభవార్త రాలేదు, అదురు పోలేదు. పైగా పొద్దున లేచేసరికి పుసి కట్టి రెప్పలు అంటుకుపోయేవి. వెంట్రుకల మొదట్లో చుండ్రు లాంటి పొట్టు. కంట్లో ఇసుక పడ్డట్టు గరగర. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటే మధ్యాహ్నానికల్లా కళ్లు చింతనిప్పులే.

రెండేళ్ల క్రితం కళ్లకలక వచ్చినప్పుడు డాక్టర్ రాసిన చుక్కల మందు పేరు గుర్తుంది. వీధి చివర షాపుకెళ్లి అదే అడిగాను. అబ్బాయి ఇచ్చిన డబ్బా మీద అదే పేరు, చివర మాత్రం 'డి' అని ఒక్క అక్షరం ఎక్కువ. "అదే మేడం, ఇది ఇంకాస్త బాగా పనిచేస్తుంది" అన్నాడు. చీటీ అతను అడగలేదు, నేను చూపించలేదు.

పనిచేసింది, అదే అసలు సమస్య. రెండో రోజుకే కళ్లు మల్లెపూలు. అదురు కూడా తగ్గినట్టే అనిపించింది. మానేస్తే మూడు రోజుల్లో మళ్లీ ఎరుపు, మళ్లీ చుక్కలు. ఏడు వారాల్లో మూడు సీసాలు అయిపోయాయి. మంచి మందని మా చెల్లికి కూడా చెప్పాను, తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

కళ్లజోడు పవర్ చూపించుకుందామని వెళ్తే బయటపడింది. కంటి లోపలి ఒత్తిడి మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలట. నాకు 28. డాక్టర్ గారు నా హ్యాండ్‌బ్యాగ్‌లోని సీసా తీయించి, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న పేరు చూపించారు: డెక్సామెథసోన్. స్టెరాయిడ్. ఆ 'డి' అదే.

స్టెరాయిడ్ ఎరుపునీ వాపునీ నొక్కేస్తుంది, కారణం అలాగే ఉంటుంది. వాడగా వాడగా కొందరికి కంటి ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి ఉండదు, చూపు మసకబారదు, కాబట్టి తెలియదు. అలాగే వదిలేస్తే గ్లకోమా, అంటే నీటికాసులు. దానివల్ల పోయిన చూపు తిరిగి రాదు. ఎక్కువ కాలం వాడితే శుక్లాలూ రావచ్చు. డాక్టర్ అవసరమనుకుని, లెక్క ప్రకారం కొన్నాళ్లు రాస్తే అది వేరు. నాలా సొంత వైద్యం చేసుకుంటే ప్రమాదం.

ఇంతకీ నాకున్నది రెప్పల అంచుల వాపు, వాళ్ల భాషలో బ్లెఫరైటిస్. రెప్ప అంచున వరసగా సన్నని నూనె గ్రంథులుంటాయి. అవి మూసుకుపోతే కన్నీటి పైన ఉండాల్సిన నూనె పొర పలచబడి, కన్నీరు త్వరగా ఆరిపోతుంది. కళ్లు మండుతాయి, ఊరికే ఆర్పుతుంటాం, ఆ చిరాకుకి రెప్ప కండరం అదురుతుంది. నిద్ర చాలక, రోజుకి ఐదు కాఫీలు తాగే నాలాంటి వాళ్లకి ఇంకా ఎక్కువ. కాటుక రెప్ప లోపలి అంచున పెడతాం చూడండి, సరిగ్గా ఆ గ్రంథుల నోళ్ల మీదే. నేను కాటుక మానేశాను. మా అత్తయ్యకి ఇది మాత్రం నచ్చలేదు.

డాక్టర్ గారు ఆ చుక్కల్ని క్రమంగా తగ్గిస్తూ ఆపించారు. అసలు వైద్యం చూస్తే నవ్వొచ్చింది: గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండిన గుడ్డతో మూసిన కళ్ల మీద ఐదారు నిమిషాలు కాపడం, తర్వాత రెప్పని అంచు వైపు మెల్లగా నొక్కడం, అంచులు శుభ్రంగా తుడవడం. రోజుకి రెండుసార్లు. పైన కృత్రిమ కన్నీటి చుక్కలు. నెల దాటాక అదురు ఆగింది. ఒత్తిడి 18కి దిగింది, అయినా మళ్లీ చూపించుకోవాలి.

కొనేవాళ్లు డబ్బా తిప్పి చూడండి. డెక్సామెథసోన్, బెటామెథసోన్, ప్రెడ్నిసోలోన్, లోటెప్రెడ్నాల్, ఫ్లోరోమెథలోన్, వీటిలో ఏదున్నా స్టెరాయిడే. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, మనం కొనకూడదు. ఎరుపు వెంటనే పోగొడతామనే నాఫజోలిన్ చుక్కలు ఇంకో రకం బెడద: కొన్నాళ్లకి మందు ఆపగానే కన్ను ముందుకంటే ఎర్రబడుతుంది. పాత సీసాలు దాచుకోవద్దు, చాలా చుక్కల మందులు మూత తీసిన నెలకి పారేయాల్సినవే. అదురు వారాల తరబడి ఉన్నా, కన్ను పూర్తిగా మూసుకుపోతున్నా, బుగ్గ కూడా లాగుతున్నా షాపుకి కాదు, కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఆ షాపుకి మళ్లీ వెళ్లి అడిగాను. "మీరడిగితేనే కదా మేడం ఇచ్చాం" అన్నాడు. ఫిర్యాదు చేద్దామని మా వారు అన్నారు. మూడుసార్లు కొన్నాను, ఒక్కసారీ బిల్లు తీసుకోలేదు. మీరైనా తీసుకోండి.