డిగ్రీ, పీజీ అక్కడే: పెద్ద యూనివర్సిటీ మీద నా రివ్యూ

డిగ్రీ, పీజీ రెండూ ఒకే పెద్ద యూనివర్సిటీలో చదివాను. పీజీలో టీచింగ్ అసిస్టెంట్‌గా కూడా పనిచేశాను. తీర్పు ముందే చెప్పేస్తాను: నాకు నచ్చింది. కానీ అక్కడ ఏదీ మన దగ్గరికి నడిచి రాదు. నోరు తెరిచి అడగలేనివాళ్లకు మొదటి ఏడాది కష్టమే.

ఎంచుకునేటప్పుడు బ్రోషర్లో వేసే "సగటు క్లాసు సైజు"ను నమ్ముకోకండి. 300 మంది క్లాసు ఒకటి, 20 మంది క్లాసులు పది ఉన్నాయనుకుందాం. మొత్తం 500 సీట్లు, 11 క్లాసులు, కాబట్టి సగటు సుమారు 45. అబద్ధమేమీ కాదు. కానీ ఆ 500 సీట్లలో 300 పెద్ద హాల్లోనే ఉన్నాయి కదా! ఒక్కో విద్యార్థిని "నీ క్లాసులో ఎంతమంది?" అని అడిగితే 300 మంది "300" అంటారు, మిగతా 200 మంది "20" అంటారు. అలా లెక్కగడితే సగటు 188 వస్తుంది. అందుకే సగటు మాట వదిలేసి, మొదటి ఏడాది తప్పనిసరి సబ్జెక్టుల్లో ఎంతమంది ఉంటారో, చివరి ఏడాదికి ఎంతమంది మిగులుతారో అడగండి.

ర్యాంకుల సంగతీ అంతే. ప్రపంచంలోని యూనివర్సిటీలకు ర్యాంకులిచ్చే, 2003లో మొదలైన షాంఘై ర్యాంకింగ్‌లో 30 శాతం మార్కులు పూర్వ విద్యార్థులు, అధ్యాపకులు తెచ్చుకున్న నోబెల్, ఫీల్డ్స్ (గణితంలో ఇచ్చేది) పతకాలకే పోతాయి. ఆ పతకం వచ్చినాయన ఫస్టియర్ వాళ్లకు పాఠం చెబుతాడన్న హామీ ఏమీ లేదు. ర్యాంకు పరిశోధన చేయాలనుకునేవాళ్లకు పనికొస్తుంది. డిగ్రీకి వెళ్లేవాళ్లు మాత్రం యూనివర్సిటీ పేరు కన్నా తమ డిపార్ట్‌మెంట్‌ను చూసుకోవాలి.

చేరాక అన్నిటికన్నా పనికొచ్చేది ఆఫీస్ అవర్స్. ప్రొఫెసర్ తలుపు తీసి కూర్చునే ఆ గంటను దాదాపు ఎవరూ వాడుకోరు. వందల మంది ఉన్న కోర్సుకు టీచింగ్ అసిస్టెంట్‌గా నేను అలా కూర్చున్నప్పుడు మామూలు వారాల్లో ఒకరో ఇద్దరో వచ్చేవారు. పరీక్ష ముందు రోజు మాత్రం వరండా నిండిపోయేది. "ఏమీ అర్థం కాలేదు సార్" అని వచ్చేవాళ్లకు ఎక్కడ మొదలుపెట్టాలో నాకే తెలిసేది కాదు. సగం చేసి ఆగిపోయిన లెక్క కాగితం తెస్తే పది నిమిషాల్లో తేలిపోయేది. తర్వాత రికమెండేషన్ లెటర్ అడిగినప్పుడు ప్రొఫెసర్‌కు గుర్తొచ్చేది కూడా అలా వచ్చినవాళ్లే.

విసుగు పుట్టించింది ఆఫీసు పని. కోర్సుల విషయంలో దారి చెప్పే అడ్వైజర్లు మారుతూనే ఉంటారు, వచ్చిన ప్రతివాళ్లకూ కథ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఒకాయన నోటిమాటగా ఇచ్చిన మినహాయింపు తర్వాతి ఆవిడకు తెలియదు. అందుకే ఎవరు ఏ మాటిచ్చినా అదే రోజు "మీరు ఇలా అన్నారు" అని మెయిల్ పెట్టేవాణ్ని. కోరుకున్న ఎలెక్టివ్ నిండిపోతే వెయిట్‌లిస్ట్‌లో పేరుంచి మొదటి రోజు నుంచే క్లాసుకు వెళ్లండి. రెండో వారానికి కొందరు మానేస్తారు.

మా చెల్లెలు చిన్న కాలేజీలో చదివింది. రెండు రోజులు కనిపించకపోతే లెక్చరరే కబురు పెట్టేవారట. నాకు ఆ భాగ్యం లేదు. కానీ స్టాటిస్టిక్స్ విసుగెత్తి భాషాశాస్త్రం వైపు వెళ్లాలనిపిస్తే ఆ డిపార్ట్‌మెంట్ పక్క బిల్డింగులోనే ఉంది, తనకా అవకాశం లేదు. అయితే అన్ని పెద్ద యూనివర్సిటీలూ కోర్సు మారనివ్వవు. ఎప్పటిలోగా అడగాలో, ఎన్ని మార్కులుండాలో ఫీజు కట్టకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.